చావడంలో చెయ్యి తిరిగిన మనిషి

ఆవిడ పోయిందని వాళ్ళ మేనకోడలు ఫోన్ చేస్తే, "ఈసారి దేంతో?" అని అడిగేశాను. నోరు జారింది. పాపం ఆ పిల్ల ఏడుస్తూనే ఫక్కున నవ్వేసింది. "నిద్రలో," అంది.

నిద్రలో! ఆవిడకి తెలిస్తే ఎంత తిట్టుకునేదో. నలభై ఏళ్ళు సినిమాల్లోనూ టీవీల్లోనూ తుపాకీ గుళ్ళకి చచ్చింది, విషానికి చచ్చింది, వెనకనుంచి తోస్తే మెట్ల మీద దొర్లి చచ్చింది. చివరికి కెమెరా లేకుండా, చూసేవాళ్ళెవరూ లేకుండా, దుప్పటి కప్పుకుని పోయింది. "ఆదివారం మధ్యాహ్నం మెమోరియల్. మీరు రెండు నిమిషాలు మాట్లాడాలి," అంది మేనకోడలు. సరే అన్నానుగానీ, ఆవిడ గురించి రెండు నిమిషాల్లో ఏం చెప్తాం నా మొహం!

మాది జార్జియాలో కమ్మింగ్. అట్లాంటా చుట్టుపక్కల షూటింగులు బాగా జరుగుతాయని, వయసు మీద పడ్డాక ఆవిడ లాస్ ఏంజెలస్ వదిలేసి మా సబ్‌డివిజన్‌లో మేనకోడలి ఇంటికి వచ్చేసింది. అప్పటికి నేను H-4 వీసా మీద, ఉద్యోగం చెయ్యడానికి వీల్లేక ఇంట్లో కూర్చున్నదాన్ని. పాపని స్కూల్ బస్ ఎక్కించడం, వంట, మళ్ళీ బస్ కోసం ఎదురుచూడటం. ఒకరోజు పొద్దున పాపని బస్ ఎక్కించి వస్తున్నాను. మూడిళ్ళ అవతల డ్రైవ్‌వే మీద తెల్లజుట్టు అమెరికన్ ముసలావిడ బోర్లా పడి ఉంది. చొక్కా వీపంతా రక్తం. సిమెంటు మీద కూడా పారింది.

నేను అరవలేదు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ తీశాను. 911 నొక్కబోతుంటే శవం ఒక కన్ను తెరిచింది.

"ఆగు హనీ. ఇంకో ఇరవై సెకన్లు."

తల దగ్గర వంటింటి టైమర్ టిక్ టిక్ మంటోంది. అది గంట కొట్టాక లేచి కూర్చుని, మోచేతులు దులుపుకుని, నా వంక తేరిపార చూసింది. "ఊపిరి బిగబట్టడం ప్రాక్టీస్ చేస్తున్నా. శవం పొట్ట కదిలితే ఉద్యోగం పోతుంది. అది సరేగానీ, ఇంత రక్తం చూసి కూడా నువ్వు అరవలేదేంటి? అరవకుండా ఉండటం నీకెవరు నేర్పారు?"

ఏం పిచ్చి ముసలిదిరా దేవుడా అనుకుని ఇంటికొచ్చేశాను. ఆ ప్రశ్నకి జవాబు మాత్రం నాకు తెలుసు. ఆవిడ ఇంగ్లీషులోనే మాట్లాడేది, అయినా ఎందుకోగానీ ఆవిడ మాటలన్నీ నా బుర్రలో తెలుగులోనే మిగిలాయి.

తర్వాత్తర్వాత అలవాటైపోయింది. మొక్కజొన్న సిరప్, ఎర్రరంగు, కాస్త చాక్లెట్ కలిపి రక్తం కాచేది. "చాక్లెట్ లేకపోతే జామ్‌లాగా ఉంటుంది, ఎవడూ నమ్మడు," అనేది. ఆ వంట మా పాపకి కూడా నేర్పింది. అది చేతికి పూసుకుని స్కూల్‌కి వెళ్తే నర్సు నాకు ఫోన్ చేసింది. డ్రైవ్‌వే మీద రక్తపు మరకలున్నాయని HOA, అదే కాలనీ కమిటీ వాళ్ళు ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరం మీదే రక్తంతో వేలిముద్ర వేసి తిప్పి పంపింది. నోరు తెరిస్తే బూతు. కోపం వస్తే చేతిలో ఏముంటే అది గోడకేసి కొట్టేది. నేనిచ్చిన స్టీలు గ్లాసుకి రెండు సొట్టలు ఆవిడ చలవే.

వాళ్ళ హాల్లో వరసగా ఆవిడ సినిమాల ఫోటోలు. అన్నిట్లో శవమే. "మీరు దేంట్లో అయినా బతికారా?" అని మా పాప అడిగింది. ఆవిడ ఫోటోలన్నీ ఒకసారి చూసుకుని, "ఒక సబ్బు పొడి యాడ్‌లో," అంది. పాప ఆవిడకి ఒకటి నుంచి పది దాకా తెలుగు అంకెలు నేర్పింది. "వొకాటి, రెండూ, మూడూ" అని శవంలా పడుకుని లెక్కపెట్టుకునేది, టైమర్ మానేసి.

ఇంకో అలవాటు ఉండేది ఆవిడకి. ఎక్కడికెళ్ళినా ఎడమ పక్క గోడ ఉండేలా కూర్చునేది. ఎడమ చెవి వినపడదు. అది ఎలా పోయిందో ఒకసారి బెండకాయలు తరుగుతుంటే చెప్పింది, ఎవరో పక్కింటావిడ గొడవ చెప్పినట్టు. ఇరవై ఏడేళ్ళప్పుడు ఓ సినిమాలో పెద్ద వేషం. శవం కాదు, బతికున్న వేషం. హీరో చెంపదెబ్బ కొట్టాలి. రిహార్సల్స్‌లో చెయ్యి చెంపదాకా తెచ్చి ఆపేవాడు. టేక్‌లో ఆపలేదు. రియాక్షన్ నిజంగా రావాలని డైరెక్టరూ హీరో ముందే కూడబలుక్కున్నారట. కర్ణభేరి పగిలి చెవిలోంచి రక్తం కారుతుంటే కెమెరా ఆపలేదు. ఆ షాటే సినిమాలో ఉంచారు. ఎంత నేచురల్‌గా చేసిందో అని పేపర్లన్నీ రాశాయి.

"నా జీవితంలో అందరూ మెచ్చుకున్నది ఆ ఒక్క సీనే. అందులో నేను నటించలేదు," అని బెండకాయ ముచ్చిక తీసి పారేసింది.

ఇక నా సంగతి. మా ఆయన, అప్పటి మా ఆయన, ఇంట్లో పులి వీధిలో పిల్లి. పాట్‌లక్ పెడితే అందరికీ తనే వడ్డిస్తాడు. కుర్చీలు తనే సర్దుతాడు. "అదృష్టవంతురాలివమ్మా," అని ఆడవాళ్ళందరూ నా బుగ్గలు పుణికేవాళ్ళు. ఆ బుగ్గల మీదే మచ్చలు కప్పే కన్సీలర్ ఉండేది. సాంబార్‌లో ఉప్పు, ఆఫీస్‌లో మేనేజర్, మా అమ్మతో ఫోన్‌లో పదినిమిషాలు ఎక్కువ మాట్లాడటం, ఏదైనా సరే కారణమే. ఒకసారి జుట్టు పట్టుకుని ఫ్రిజ్ తలుపుకేసి కొట్టాడు. తలుపు మీద పాప అంటించిన అయస్కాంతం అక్షరాలన్నీ రాలిపడ్డాయి. పాప వచ్చేలోపు అవి ఏరి మళ్ళీ అంటించాను. ఎక్కడి అక్షరం అక్కడ.

మా అత్తగారు ఫోన్‌లో ఒకటే మాట. "వాడికి కోపమొస్తే చెయ్యి ఆగదమ్మా. వాళ్ళ నాన్నకీ అంతే. మనసు మాత్రం వెన్న." నేనూ అదే పాట పాడుకునేదాన్ని. చెయ్యి ఆగదు, ఏం చేస్తాం, కొందరికి బీపీ ఉంటుంది, కొందరికి ఇది.

దెబ్బల రంగుల దగ్గర ముసలావిడని ఎవరూ మోసం చెయ్యలేరు. బతుకంతా మేకప్ కుర్చీలో గడిపిన మనిషి. ఒకరోజు నా గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పి, "పసుపులోకి దిగింది. వారమైంది," అంది.

"కప్‌బోర్డ్ తలుపు తగిలింది."

"మీ కప్‌బోర్డ్‌కి నాలుగు వేళ్ళుంటాయా?"

నాకు ఏడుపొచ్చేసింది. "ఆయన మంచివాడే. కోపంలో చెయ్యి ఆగదు, అంతే," అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఆగదా?" అంది. రెండోసారి కూడా అడిగింది. "నిజంగానే ఆగదంటావా?" నేను తలూపాను. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ ఏడాది ఉగాదికి మా తెలుగు అసోసియేషన్‌లో నాటిక వేశారు. తాగుబోతు మొగుడు, ఓర్చుకునే పెళ్ళాం, చివర్లో మారిపోయే మొగుడు. మనవాళ్ళ దగ్గర ఒక పద్ధతుంది. స్టేజి మీద మొగుడూ పెళ్ళాల వేషాలు నిజం మొగుడూ పెళ్ళాలకే ఇస్తారు. పరాయి మగాడు ఒకరి భార్య చెయ్యి పట్టుకుంటే హాల్లో గుసగుసలు, ఇంటికెళ్ళాక గొడవలు. ఎందుకొచ్చిన తలనొప్పి? అందుకని మమ్మల్ని వేశారు. నాటికలో ఒక చెంపదెబ్బ ఉంది. "మీరైతే ఫ్రీగా కొట్టుకోవచ్చు, పరాయివాళ్ళు కాదుగా!" అన్నాడు నాటిక వేయిస్తున్న డైరెక్టర్ అన్నయ్య. అందరం నవ్వాం. నేనూ నవ్వాను, ఇంకేం చెయ్యను?

దెబ్బ కొట్టడం నేర్పడానికి హాలీవుడ్ నటి దొరికిందని డైరెక్టర్ అన్నయ్య సంబరపడిపోయాడు. శనివారం పొద్దున మా గరాజ్‌లో రిహార్సల్. కార్లు బయట పెట్టి, తలుపు పైకెత్తి, ఎండలో నిలబడ్డాం.

ఆవిడ రూల్స్ చెప్పింది. దెబ్బ తినేవాళ్ళదే పెత్తనం. ముందు కళ్ళలో కళ్ళు పెట్టి చూడాలి. దెబ్బ తినేవాళ్ళు తలూపాలి. అది క్యూ, అంటే సైగ. ఆ క్యూ లేకుండా చెయ్యి లేవకూడదు. ప్రేక్షకులకి వినిపించే ఫట్ మన్న చప్పుడు కూడా దెబ్బ తినేవాళ్ళే గుండెల దగ్గర చప్పట్లు కొట్టి చెయ్యాలి. కొట్టేవాడు గాల్లో చెయ్యి ఊపడం తప్ప ఏమీ చెయ్యడు.

"వింత మనుషులు! దెబ్బలు తినేవాళ్ళే అన్నీ చూసుకోవాలా?" అని మా ఆయన నవ్వుతూ, కళ్ళజోడు సరిచేసుకోవడానికి చెయ్యి పైకెత్తాడు.

నా భుజం లేచింది. తల పక్కకి తిరిగిపోయింది. కళ్ళు మూసుకుపోయాయి. అదంతా అరక్షణం. డైరెక్టర్ అన్నయ్య స్క్రిప్ట్‌లో తలదూర్చి ఉన్నాడు, చూడలేదు. ఆవిడ చూసింది.

"నువ్వు జరుగు," అంది నాతో. నన్ను పక్కకి తోసి, వచ్చి మా ఆయన ఎదురుగా నిలబడింది. "ముందు నన్ను కొట్టు. ఆపడం నేర్చుకున్నాకే అసలు సీన్. మొత్తం బలంతో కొట్టాలి. నా చెంపకి వేలెడు దూరంలో ఆపాలి. నీవల్ల అవుతుందా?"

"అయ్యో, పెద్దవారు, తగిలితే..."

"తగలకూడదు. పదిసార్లు."

ఆయన కళ్ళలోకి చూసి తలూపింది. చెయ్యి లేచింది. నాకు తెలిసిన చెయ్యి, దాని విసురు నాకు తెలుసు. నా పళ్ళు వాటంతటవే బిగుసుకుపోయాయి. ఆ చెయ్యి ఆవిడ ఎడమ చెంప దాకా వెళ్ళి టక్కున ఆగింది. తెల్ల వెంట్రుకలు గాలికి ఊగాయి.

"వొకాటి," అంది.

ఆయన ముచ్చటపడి నవ్వాడు. మళ్ళీ తల ఊపింది. రెండూ. మూడూ. "ఇంకా గట్టిగా. ముసలిదాన్ననా?" నాల్గూ. "నీ మేనేజర్ని అనుకో." అయిదూ. "ఏంట్రా, నీ చేతిలో బలం లేదా?" అని ఒక బూతు తిట్టింది. ఆయన మొహం ఎర్రబడింది. నిజంగా కోపం వచ్చింది, నాకు తెలుసు ఆ దవడ. ఆరూ. ఆగింది. ఏడూ. ఆగింది. తిడుతూనే ఉంది. ఎనిమిదీ, తొమ్మిదీ, పదీ. పదికి పదిసార్లూ వేలెడు దూరంలోనే ఆగింది. ఆవిడ రెప్ప వాల్చలేదు.

"శభాష్! పుట్టు నటుడివి," అని ఆయన భుజం తట్టి, టీ తాగమని పంపించి, నన్ను వంటింటి సింక్ దగ్గరికి లాక్కొచ్చింది. కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో అడిగింది.

"చూశావా?"

"ఏంటి?"

"వాడి చెయ్యి ఆగుతుంది."

నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక సింక్ అంచు పట్టుకుని నిలబడ్డాను.

"చెవి పగలగొట్టిన ఆ హీరో నా మొగుడు," అంది ఆవిడ. "రిహార్సల్స్‌లో నలుగురి ముందు ఎన్నిసార్లు ఆపాడో. చెయ్యి ఆగుతుందని నాకు అప్పుడే తెలిసింది. తెలిసి కూడా ఇంకో ఏడేళ్ళు ఉన్నాను. నాకు పడటం బాగా వచ్చు హనీ, దెబ్బ తగలకుండా పడటం. అందుకే ఉండిపోయాను. నీకేమో అరవకుండా ఉండటం వచ్చు." కుళాయి కట్టేసి వెళ్ళిపోయింది.

ఉగాది ప్రోగ్రాం మధ్యాహ్నం, హైస్కూల్ ఆడిటోరియంలో. నాలుగొందల మంది. మా ఆయన నా కళ్ళలోకి చూశాడు, నేను తలూపాను, చెయ్యి వచ్చింది, గుండెల దగ్గర చప్పట్లు కొట్టాను, పడ్డాను. హాలంతా హా అంది. తర్వాతి సీన్ కోసం తెరవెనక నా చెంప మీద కమిలిన మచ్చ ముసలావిడే వేసింది. నాటిక అయ్యాక డైరెక్టర్ అన్నయ్య మైకులో, "ఏం బావా, ఇంత నేచురల్‌గా! ఇంట్లో ప్రాక్టీస్ గట్టిగానే చేసినట్టున్నారు!" అన్నాడు. హాలు గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది.

పాపని ముసలావిడ దగ్గర వదిలి, సామాన్లు కార్లో పెట్టడానికి వెళ్ళాం. పార్కింగ్ లాట్ చివర మా వ్యాన్. తలుపు వేయగానే, "ఎందుకు నవ్వావే?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు పడింది. ఇది కళ్ళలో చూసి కొట్టింది కాదు. పెదవి పంటికి తగిలి చిట్లింది. రెండోది అదే చెంప మీద. తల కిటికీకి కొట్టుకుంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. మా ఇంట్లో నేను నవ్వినందుకు మొగుడే కొట్టాడు.

నోట్లో ఉప్పగా రక్తం. నాకు గుర్తొచ్చింది గరాజ్. పదికి పదీ. నాలుగొందల మంది ముందు ఆగిన చెయ్యి, గంట కూడా కాలేదు. ఇన్నేళ్ళుగా ప్రతిసారీ ఆపగలిగి కూడా ఆపలేదన్నమాట. ఒళ్ళు మండిపోయింది. భయం కన్నా ముందు మంట పుట్టడం నాకు అదే మొదలు.

"పులిహోర గిన్నె మర్చిపోయాను," అని చెప్పి దిగి హాల్లోకి నడిచాను.

లోపల ఆడవాళ్ళు ట్రేలు సర్దుతున్నారు. "ఇంకా మేకప్ తీయలేదా? భలే కుదిరిందే! పెదవి మీద రక్తం కూడా పెట్టారా, సినిమా లెవెల్!" అని ఒకావిడ ఫోన్ తీసి ఫోటో కూడా కొట్టింది. నేను నిలబడే ఉన్నాను. రక్తం గడ్డం మీదకి కారుతుంటే వాళ్ళంతా మెచ్చుకుంటున్నారు.

మడతకుర్చీలో, ఎడమ పక్క గోడ ఉండేలా, పాపతో కూర్చుని ఉంది ఆవిడ. నన్ను చూసి లేచింది. పాపని ఐస్‌క్రీమ్ దగ్గరికి పంపింది. బ్యాగ్‌లోంచి మేకప్ తుడిచే తడి కాగితం తీసి, అందరి ముందూ నా మొహం తుడవడం మొదలుపెట్టింది. ఆవిడ వేసిన ఊదారంగు మచ్చ మొత్తం వచ్చేసింది. కింద ఉన్న వేళ్ళ అచ్చులు పోలేదు. పెదవి తుడిచింది, మళ్ళీ ఎర్రగా ఊరింది. ఇంకో కాగితం. మళ్ళీ ఊరింది. ఆ కాగితాలు ఒక్కొక్కటే పులిహోర ట్రే పక్కన పెట్టింది. చాక్లెట్ కలపని రక్తం. మాటలు ఒక్కొక్కరివే ఆగిపోయాయి.

ఫోన్ తీసి చేతిలో పట్టుకుంది. నొక్కలేదు. నా కళ్ళలోకి చూస్తూ నిలబడింది.

అప్పుడు తెలిసింది నాకు, క్యూ కోసం ఆగిందని. దెబ్బ తిన్నవాళ్ళదే పెత్తనం. నా వీసా ఆయన మీద ఉంది. నా పేరున డ్రైవింగ్ లైసెన్స్ తప్ప ఇంకేం లేదు. పాపకి ఆరేళ్ళు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని చిన్నప్పట్నించీ విన్నాను. డైరెక్టర్ అన్నయ్య పరిగెత్తుకొచ్చి, "అమ్మా, తొందరపడకు, అతని H-1 వీసా పోతుంది, నీదీ పోతుంది, నేను మాట్లాడతాను," అంటున్నాడు. ఆవిడ అతని వంక కూడా చూడలేదు. నన్నే చూస్తోంది. ఐస్‌క్రీమ్ దగ్గర్నుంచి మా పాప కూడా చూస్తోంది.

నేను తలూపాను.

తర్వాత పోలీసులు, లాయర్లు, కాగితాలు, రెండేళ్ళ నరకం. ఆ కథ వేరు. ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, నా వీసా స్టేటస్ నాది, పాప పదేళ్ళది. ముసలావిడ మా ఇంటికొచ్చి బెండకాయలు తరుగుతూ, బూతులు తిడుతూ, నేలమీద శవంలా పడుకుంటూ మొన్నటిదాకా ఉంది.

మెమోరియల్‌లో ఆవిడ సినిమాల ముక్కలన్నీ కలిపి స్క్రీన్ మీద వేశారు. చావు తర్వాత చావు. చివరికి ఆ చెంపదెబ్బ. ఇరవై ఏడేళ్ళ పిల్ల, అంత పెద్ద కళ్ళు, చెవి మీదకి చెయ్యి పోతుంది, నమ్మలేనట్టు మొగుడి వంక చూస్తుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న మేనకోడలు కొట్టలేదు.

"దీని తర్వాత అత్త ప్రతి కాంట్రాక్టులో ఒక లైన్ రాయించేది," అని గొణిగింది. "మొహం దగ్గర ఎవరూ చెయ్యెత్తకూడదని. అందుకే పెద్ద వేషాలన్నీ పోయి శవాలే మిగిలాయి. డెంటిస్ట్ చెయ్యెత్తినా కుర్చీలోంచి దూకేసేది. జుట్టు కూడా తనే కత్తిరించుకునేది. ఒక్కసారే ఏమైందో తెలీదు. ఏదో శనివారం, మీ ఇంటి నుంచే వచ్చింది. బాత్రూంలో కూర్చుని సాయంత్రం దాకా వాంతులు. ఏమైందంటే, రిహార్సల్ అంది, అంతే."

ఎందుకు చెప్పలేదే ముసలిదానా, నాకెందుకు చెప్పలేదే అని లోపల తిట్టుకుంటూనే మైకు దగ్గరికి వెళ్ళాను. రాసుకొచ్చిన కాగితం తీయలేదు.

"మీరు ఇప్పుడు చూసింది నటన కాదు. ఆ దెబ్బ నిజం, ఆ రక్తమూ నిజం," అన్నాను. "ఆవిడ నటించడం నేను చూశాను. మా గరాజ్‌లో. ఒక మగాడు పూర్తి బలంతో ఆవిడ ఎడమ చెంప మీదకి చెయ్యి విసిరాడు. ఆ చెయ్యి ఆగుతుందని నాకు చూపించడానికి ఆవిడ ఎదురుగా నిలబడింది."

ఆ రోజు ఆవిడ లెక్కపెట్టినట్టే లెక్కపెట్టాను. ఒకటి. చెయ్యి లేచి, వచ్చి, ఆగేంత సేపు ఆగాను. రెండు. మూడు. నాలుగు దగ్గర ముందు వరసలోంచి మా పాప గొంతు కలిపింది, ఆవిడ పలికినట్టే, నాల్గూ అని. పది దాకా చెప్పి దిగిపోయాం.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.